ప్రభువా, ఆ వైపు కూర్చున్న సోదరికి చెప్పు

గోదాముల వెనక వీధిలో ఉన్న ఆ ప్రార్థనా మందిరంలో ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు. ఆ పేరు చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పాకింది. ఫలానా చోట పెద్దలు కుర్చీలు విసురుకున్నారనీ, ఇంకోచోట సంఘం రెండుగా చీలి ఒకే గోడకి అటొక గుంపూ ఇటొక గుంపూ పోటీపడి పాడుతున్నాయనీ కబురొచ్చినప్పుడల్లా పాస్టరుగారు కళ్ళు అరమోడ్చి, "మన దగ్గర అలాంటివి లేవు, దేవుడికి స్తోత్రం" అనేవారు. నిజమే, లేవు. పోట్లాడుకోవాలంటే ముందు ఇద్దరు మాట్లాడుకోవాలి. అక్కడ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న పాపాన పోయినవాళ్ళు లేరు.

వాళ్ళ పద్ధతి ఇదీ. ఒకరిమీద ఒకరికి మనసు విరిగితే ఆ రోజునుంచే మాటలు బంద్. అంతవరకైతే ఏ వీధిలోనైనా జరిగేదే. కానీ వీళ్ళు భక్తులు. అనాల్సిన మాటని మింగేసి ఊరుకోరు, ఎదురుగా అననూ అనరు. బుధవారం సాయంత్రం దాకా నానబెట్టి, కూటంలో మోకరించి, కళ్ళు మూసుకుని, అవతలివాళ్ళకి స్పష్టంగా వినబడేలా దేవుడికి అప్పజెబుతారు. "ప్రభువా, ఆ వైపు కూర్చున్న సోదరికి..." అని ఎవరైనా మొదలుపెట్టారంటే చాలు, మూసుకున్న కళ్ళ పక్కన చెవులన్నీ నిక్కబొడుచుకుంటాయి. పైనున్న ఆయన్ని తాము మనవులు వినడానికి కాక కబుర్లు మోయడానికి వాడుకుంటున్నామని ఒక్కరికీ ఎన్నడూ తోచలేదు.

మగవాళ్ళ వైపు ఒక ఫ్యాను ఉంది. అది తన నెత్తిమీద తిరగకుండా ఎవరో పక్కకి జరిపించారని కిరాణా కొట్టాయనకి అనుమానం. ఆ ఎవరో కరెంటు పనిచేసే ఆయనే అని గట్టి నమ్మకం. "ప్రభువా, నీ మందిరంలో గాలి అందరిదీ అని తెలియని సోదరుడి కళ్ళు తెరిపించు" అని ఈయన ప్రార్థిస్తాడు. ఆ వెనకే కరెంటాయన గొంతు సవరించుకుని, "ప్రభువా, లావుపాటి శరీరాలకి గాలి చాలదన్న సంగతి నువ్వెరుగుదువు, వాళ్ళకి ఉపవాసాలు నేర్పించు" అంటాడు. ఇద్దరికీ సంఘమంతా సమానంగా ఆమెన్ కొడుతుంది. అక్కడ పక్షపాతం లేదు.

ప్రార్థన ముందు వరసనుంచి వెనక్కి వరసగా సాగుతుంది. ముందు చేసినవాడి మీద వెనకవాడు చెయ్యొచ్చు, వెనకవాడి మీద ముందువాడు చెయ్యలేడు, వారం ఆగాలి. అందుకని కూటం గంట కొట్టకముందే వెనక వరసలు నిండిపోతాయి, ముందు చాపలు ఖాళీగా పడుంటాయి. చూసిన బయటివాళ్ళు, ఎంత తగ్గింపు, ఎంత అణకువ అని ముక్కున వేలేసుకునేవారు.

ఆ సంఘంలో కత్తెరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. పేరు పనినిబట్టి కొంతా నోటినిబట్టి కొంతా వచ్చింది. ఆవిడ సొంత అక్క పాటల బృందానికి పెద్ద. ఆవిణ్ణి మైకమ్మ అనేవారు, మైకు చెడిపోయిన రోజున ఎవరికీ తేడా తెలియలేదు కాబట్టి. కూటం చివర ముగింపు ప్రార్థన మైకమ్మదే. అంటే ఆ సంఘంలో ఆఖరి మాట ఎప్పుడూ ఆవిడదే. ఆ తర్వాత ఇంకెవరూ నోరు విప్పడానికి లేదు.

ఈ అక్కాచెల్లెళ్ళకి తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. కారణం అడిగితే ఇద్దరూ పెద్ద కథలే చెబుతారు కానీ, అసలు సంగతి ఒక గౌను. వార్షికోత్సవానికి పాటల బృందమంతటికీ తెల్ల గౌన్లు కుట్టింది చెల్లెలు. అక్క గౌనుకి గుండీలు కలవలేదు. పదిమందీ చూస్తుండగా అక్క, "ఎవరికి కుట్టావే ఇది?" అని అడిగింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఇంకొకరికి అంచు సరిచేస్తున్న చెల్లెలు తల తిప్పకుండా, "కొలతలిచ్చినప్పటి మనిషికి" అంది. బృందమంతా పగలబడి నవ్వింది. అక్క గౌను మడత పెట్టి కుర్చీమీద ఉంచి వెళ్ళిపోయింది. ఆ బుధవారం ముగింపు ప్రార్థనలో, "ప్రభువా, సూదులు నమిలే నోటికి కావలి ఉంచు" అంది. పై బుధవారం చెల్లెలు, "ప్రభువా, అద్దంలో చూసుకోవడానికి కొందరికి ధైర్యం దయచెయ్యి" అంది. ఇక అక్కణ్ణుంచి బండి ఆగలేదు.

చెల్లెలికి ఊహ తెలియకముందే తల్లి పోతే, చదువు మానుకుని పెంచింది ఈ అక్కే. జడ వేసింది, జ్వరమొస్తే నిద్ర మానుకుని కూర్చుంది, మొదటిసారి మందిరంలో పాడమంటే వణికిపోతున్న పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన నిలబడింది. అటువంటి మనిషి ఒక గౌను గుండీ దగ్గర తెగిపోయింది. కత్తెరమ్మకి ఇది తలుచుకున్నప్పుడల్లా ఏడుపొచ్చేది, ఏడుపు రాగానే కోపమొచ్చేది, కోపం రాగానే వచ్చే బుధవారానికి ఒక మంచి ప్రార్థన తయారయ్యేది.

ఇలా ఉండగా ఆవిడ మెడలో ఒక గడ్డ తేలింది. మొదట నిమ్మగింజంత, తర్వాత రేగుపండంత. కుట్టు మిషను మీద తల వంచితే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుండేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ వేళ్ళతో నొక్కి చూసి, పరీక్షలు రాసి, అవి వచ్చాక నిదానంగా చెప్పింది. గడ్డ తీసెయ్యాలి. ప్రాణానికి భయం లేదు. కానీ గొంతు పలికించే నరం ఆ గడ్డకి అతుక్కుపోయి ఉంది. గొంతు నిలవొచ్చు, బొంగురుపోవచ్చు, అసలుకే పోవచ్చు. శుక్రవారం ఆపరేషన్.

"ఎవరితోనైనా మాట్లాడాల్సినవి ఉంటే ముందే మాట్లాడేసుకోండి. మంచిది" అంది డాక్టరమ్మ, చేతులు కడుక్కుంటూ.

కత్తెరమ్మకి మాట్లాడాల్సిన మనిషి ఒక్కరే కనిపించారు. భర్త సిటీ బస్సు నడుపుతాడు, ఆయనతో ఇప్పటికే కావలసినంత మాట్లాడింది, ఆయనే ఒప్పుకుంటాడు. "అక్కతో మాట్లాడాలండీ. ఈ గొంతు ఉండగానే. గొంతు పోయాక సారీ చెప్పి ఏం లాభం, నోరు లేదు కాబట్టి లొంగిందనుకుంటుంది" అంది ఆ రాత్రి ఆయనతో.

"వెళ్ళి చెప్పు. అదేమైనా విదేశమా, రెండు సందుల అవతల" అన్నాడు ఆయన.

"మీరు చెబితే?"

"నాతో మాత్రం మాట్లాడుతుందా? నీతో పాటు నన్నూ కలిపేగా మానేసింది, సబ్బు కొంటే దువ్వెన ఉచితం అన్నట్టు."

ఆదివారం మధ్యాహ్నం కత్తెరమ్మ మంచి చీర కట్టుకుని వెళ్ళింది. తలుపు తట్టింది. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. కిటికీ తెర కదిలింది. ఆ తర్వాత నేలమీద మోకాళ్ళు ఆనిన చప్పుడు, దాని వెనకే వీధి చివరిదాకా వినబడే ప్రార్థన: "ప్రభువా, తలుపు బయట నిలబడ్డ వాళ్ళ మనసులో ఏముందో నాకు తెలియదు. నీకు తెలుసు. అది మంచిదైతే వాళ్ళకి దీవెన, కాకపోతే నీ చిత్తం."

కత్తెరమ్మకి అలవాటు చొప్పున మోకాళ్ళు వంగాయి. గడప ముందున్న పట్టామీద సగం మోకరించింది. తలుపుకి అటు అక్క, ఇటు తాను, మధ్యలో దేవుడు. ఒక్క చెక్క తలుపుకి ఇద్దరు మనుషులు కలిసి దేవుణ్ణి ఇంతలా ఇబ్బంది పెట్టాలా అని ఒళ్ళు మండింది. లేచి, చీర దులుపుకుని, ఇంటికొచ్చేసింది. ఫోను చేసింది, అక్క ఎత్తలేదు. ఎత్తే అలవాటు ఉంటే కదా.

సోమవారం పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన గదిలో ప్లాస్టిక్ పూలకి నీళ్ళు చల్లి తుడుస్తున్నారు. బుధవారం అతిథులొస్తున్నారు. కుర్చీలు విసురుకున్న ఆ సంఘం వాళ్ళని, సంఘాలన్నిటినీ నడిపే పైవాళ్ళు, "వెళ్ళి ఐక్యత అంటే ఏమిటో ఆ మందిరంలో చూసి నేర్చుకోండి" అని పంపిస్తున్నారు. అది జరిగిపోతే మాదిరి సంఘం అన్న పేరు ఖాయం. ఆ పేరుతో గేటుమీద బోర్డు ఏ రంగులో ఉండాలో కూడా పాస్టరుగారు ఆలోచించేశారు.

కత్తెరమ్మ గడ్డ సంగతి చెప్పింది. గొంతు సంగతి చెప్పింది. "మీరొక్క మాట అక్క చెవిన వెయ్యండి పాస్టరుగారూ. నన్ను చెప్పనివ్వట్లేదు" అంది.

పాస్టరుగారు చాలా బాధపడ్డారు. తడిగుడ్డ పక్కన పెట్టి మరీ బాధపడ్డారు. "ప్రార్థనలో పెట్టమ్మా" అన్నారు.

"పెడతానండీ. మీరు కూడా చెప్పండి."

"నేను చెబితే అది మనిషి మాట అవుతుంది. ప్రార్థనలో పెడితే దేవుడి కార్యం అవుతుంది."

"మధ్యలో ఆయనకి శ్రమెందుకండీ, మీరు మా అక్క పక్కింట్లోనే ఉంటారు కదా."

పాస్టరుగారికి ఆ మాట నచ్చలేదు. గడియారం వైపు చూశారు. "నేను ఒకరి తరఫున ఇంకొకరికి చెప్పడం మొదలుపెడితే సంఘంలో వర్గాలు పుడతాయమ్మా. ఇన్నాళ్ళూ నేను ఎవరి విషయంలోనూ కలగజేసుకోలేదు. అందుకే ఇంత శాంతి" అన్నారు. గుమ్మం దాకా సాగనంపి, వెనకనుంచి పిలిచి, "బుధవారం అతిథుల ముందు కాస్త తియ్యగా ప్రార్థించు. నీది కొంచెం పదునైన నోరు" అన్నారు.

బుధవారం సాయంత్రానికి మందిరం తళతళలాడింది. అతిథులు ఒక వ్యానులో దిగారు. వాళ్ళ సంఘపెద్ద నుదుటిమీద ఇంత పెద్ద పట్టీ. కుర్చీ తగిలింది ఆయనకేనట. వ్యాను నడుపుకుంటూ వచ్చినవాడే ఆ కుర్చీ విసిరినవాడట. అతను ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంటే మన సంఘం జాలిగా చూసింది. పాపం, ఐక్యత లేనివాళ్ళు.

అందరూ వెనక వరసల్లో కూర్చుని ముందు చాపలు అతిథులకి వదిలేశారు. అతిథులు కరిగిపోయారు. ప్రార్థనలు మొదలయ్యాయి. కరెంటాయన కొట్టాయన ఆరోగ్యం కోసం, ముఖ్యంగా ఆయన నడుము చుట్టుకొలత కోసం, దుఃఖంతో ప్రార్థించాడు. కొట్టాయన కరెంటాయన చేతుల కోసం, అవి పరులది ముట్టకుండా పవిత్రంగా ఉండాలని, వెక్కి వెక్కి ప్రార్థించాడు. ఒక అత్తగారు కోడలి వంట కోసం, ఆ కోడలు అత్తగారి మోకాళ్ళ నొప్పులు సుదీర్ఘంగా నిలిచి ఆవిణ్ణి ఇంట్లోనే దేవుడి సన్నిధిలో ఉంచాలని. పట్టీ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తన పక్కనున్న వ్యానాయన చెవిలో, "చూడు, పేరు పేరునా ఎలా ఎత్తి పట్టుకుంటున్నారో" అన్నాడు.

కత్తెరమ్మ వంతు వచ్చింది. తొమ్మిదేళ్ళలో ఆవిడ చేసిన ప్రార్థనలు కొన్ని సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈసారి మాత్రం ఒక్క చమత్కారమూ రాలేదు.

"ప్రభువా, శుక్రవారం నా మెడకి ఆపరేషన్. తర్వాత ఈ గొంతు ఉంటుందో లేదో తెలియదు. మా అక్క నన్ను పెంచింది. ఆ రోజు నేను అన్న మాట తప్పు. మా అక్క నా పక్కన ఉండాలి. అంతే" అంది.

అతిథులు గట్టిగా ఏడ్చారు. సంఘం, ఏ ప్రార్థనకైనా అనేటంత సమానంగా, ఆమెన్ అంది. ఎవరూ కళ్ళు తెరవలేదు. వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో, "ఈ వారం కొత్తగా ఉంది" అని గొణిగింది.

మైకమ్మ ముగింపు ప్రార్థన ఎత్తుకుంది. పైవాళ్ళని దీవించింది, అతిథులని దీవించింది, వాళ్ళ వ్యానుని దీవించింది. ఆ తర్వాత గొంతు అరమెట్టు దించి, "ప్రభువా, జాలి పుట్టించి పైచెయ్యి సాధించాలని చూసే గొంతుల్ని నువ్వే సరిచెయ్యి. మేమెవరం" అని ముగించింది.

ఆమెన్. అందరికంటే ముందు పాస్టరుగారే అన్నారు. ఆయనకి గడ్డ సంగతి తెలుసు. తెలిసే అన్నారు. కూటం సవ్యంగా ముగిసింది కదా, అతిథులకి టీ చల్లారిపోతోంది కదా.

అక్కడితో ఆ సంఘం మర్యాద ప్రకారం అంతా అయిపోవాలి. కత్తెరమ్మ లేచి నిలబడింది. చాపల మధ్యనుంచి నడిచి వెళ్ళి అక్క ఎదురుగా కూర్చుంది.

"అక్కా" అంది.

మందిరంలో ఎవరో చెయ్యి జారి పాటల పుస్తకం కింద పడేశారు. ఒక మనిషి ఇంకో మనిషిని, కళ్ళు తెరుచుకుని, ప్రార్థనా మందిరంలో పిలిచింది. మైకమ్మ రెప్పలు ఇంకా బిగించుకుంది. పాస్టరుగారు చప్పట్లు చరిచి, "టీ సిద్ధంగా ఉందండీ, అందరూ అటు వైపు దయచెయ్యండి" అన్నారు. ఎవరూ కదల్లేదు.

కత్తెరమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. వెనక్కి లాక్కోబోయిన ఆ చేతిని వదలకుండా తన మెడమీద, గడ్డమీద పెట్టుకుంది. వేళ్ళు ఒక్కసారి బిగుసుకుపోయాయి. తర్వాత మెల్లగా కదిలి గడ్డ చుట్టూ తడిమాయి. మైకమ్మ కళ్ళు తెరిచింది.

"ఏంటే ఇది?"

"గడ్డ."

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఇప్పుడేగా చెప్పాను. ఆమెన్ కూడా అన్నావు."

"నిజమనుకోలేదే." మైకమ్మ గొంతు సన్నగా చేసి మాట్లాడటం ఎన్నడూ నేర్చుకోలేదు. ఆ మాట పైకప్పుకి తగిలి అతిథులందరి మీదా పడింది. "ప్రార్థనలో ఎవరు నిజం చెబుతారు?"

పట్టీ ఆయన ఏడవడం ఆపేశాడు. పాస్టరుగారు టీ బల్ల వైపు చూశారు.

"బుద్ధుందా నీకు? గొంతు మీదకి వస్తే ఇంటికొచ్చి చెప్పొద్దూ?" అంది మైకమ్మ.

"వచ్చాను. నువ్వు తలుపు తియ్యకుండా మోకరించావు."

"నువ్వు బయటినుంచి అక్కా అని ఒక్క కేక వేస్తే తియ్యకపోదునా?"

"నువ్వు లోపల్నుంచి ఎవరూ అని ఒక్క మాట అడిగితే వెయ్యకపోదునా?"

"పదిమందిలో నన్ను లావన్నావు."

"లావనలేదు, కొలత మారిందన్నాను."

"రెండూ ఒకటేనే, మాటలు కత్తిరించడంలో నీ తర్వాతే ఎవరైనా."

గొంతులు లేచాయి. తొమ్మిదేళ్ళ సరుకు ఒక్కొక్కటే బయటపడింది. అరిచారు, ఏడ్చారు, మళ్ళీ అరిచారు, ఒకరి చేతులు ఒకరు మాత్రం వదల్లేదు. ఇది చూసి కొట్టాయనకి ఏమనిపించిందో, పక్క వరసలోకి తిరిగి, "ఏమయ్యా, ఇంతకీ ఆ ఫ్యాను జరిపింది నువ్వేనా కాదా?" అని నేరుగా అడిగేశాడు. కరెంటాయన నోరు తెరిచి, "నేను కాదయ్యా, కప్పు కారుతోందని పాస్టరుగారే జరిపించారు" అన్నాడు. ఇద్దరూ కలిసి పాస్టరుగారి వైపు చూశారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆ సంఘానికి ఐక్యత వచ్చింది. అప్పటికే అత్తా కోడళ్ళు స్తంభం దగ్గర వంట గురించి పేర్లు పెట్టి మాట్లాడుకుంటున్నారు.

పాస్టరుగారు అతిథులని టీ బల్ల దగ్గరికి తోలుకుపోయి, "ఇలా ఎప్పుడూ జరగలేదండీ, ఇదేదో సైతాను పని" అని చెప్పుకున్నారు.

పట్టీ ఆయన బిస్కెట్టు టీలో ముంచుకుంటూ, "మాకు రోజూ జరుగుతుందండీ" అన్నాడు. వ్యానాయన వైపు తల ఊపి, "వీడే నామీద కుర్చీ విసిరింది. విసిరాక వీడే మోసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. కట్టు మార్పించుకోడానికి తీసుకెళ్ళేదీ వీడే, దారిపొడుగునా తిడుతూ. మీ దగ్గరేదో నేర్చుకుందామని వచ్చాం. మా కుర్చీలే నయమనిపిస్తోంది" అన్నాడు. టీ బావుందని మెచ్చుకుని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి గేటు బోర్డు రంగు గురించి ఆలోచించాల్సిన అవసరం పాస్టరుగారికి కలగలేదు. మర్నాడు కత్తెరమ్మకి కబురు పంపారు, సంఘం సాక్ష్యాన్ని అతిథుల ముందు పాడుచేసినందుకు దిద్దుబాటు, అంటే శిక్ష, ఉంటుందని. కబురు తెచ్చినావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ నేలమీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని మాట్లాడుకుంటున్నారు. గురువారమంతా మాట్లాడుకున్నారు. చెల్లెలి గొంతు నొప్పెడితే అక్క, "ఇక ఆపు" అనేది, మళ్ళీ తానే, "సరే, తర్వాతేమైందో చెప్పు" అనేది. వినడానికి ఎంత ఆత్రంగా ఉందో ఆవిడ ముఖంలో తెలిసిపోయేది. కొట్లో కొత్త మిషను ఎప్పుడొచ్చింది, భర్తకి షుగరు ఎప్పట్నుంచి, పెళ్ళిచీర ఎవరికిచ్చింది, అన్నీ అడిగింది. రెండు సందుల అవతలి మనిషి గురించి ఏమీ తెలియకుండా తొమ్మిదేళ్ళు ఆవిడ కోసం ప్రార్థించింది.

శుక్రవారం పొద్దున ఆసుపత్రి వరండాలో కత్తెరమ్మని చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. నర్సు వచ్చి, "రోగి తాలూకు ఎవరు?" అని అడిగింది. బస్సు నడిపే భర్త నోరు తెరిచేలోపే మైకమ్మ, "నేను. అక్కని" అంది. వరండా ఆ చివర ఉన్న రోగులు కూడా లేచి కూర్చున్నారు. మంచం కదిలింది. అక్క చెయ్యి పట్టుకుని వెంట నడిచింది. చెప్పాల్సిన గొప్ప మాట ఏదో ఇప్పుడు చెప్పాలని కత్తెరమ్మకి అనిపించింది, కానీ మనసులో అడ్డం పడింది ఇంకోటి.

"అక్కా, కొట్లో ఇస్త్రీ పెట్టె ఆపానో లేదో. వెళ్ళి చూసిరా" అంది.

ఆవిడ ఆ గొంతుతో అన్న చివరి మాట అదే.

సాయంత్రానికి మెలకువ వచ్చింది. మెడకి కట్టు. పక్కన స్టూలు మీద అక్క, ఒళ్ళో ఫ్లాస్కు. కత్తెరమ్మ నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ గాలే. డాక్టరమ్మ వచ్చి చూసి, నెలలు పట్టొచ్చనీ, రాకపోనూవచ్చనీ చెప్పి వెళ్ళింది.

అక్క ఊరుకోలేదు. ధైర్యం చెప్పాలని మాట్లాడటం మొదలుపెట్టింది. ఇస్త్రీ పెట్టె ఆపే ఉందని చెప్పింది, కొట్టుకి తాళం వేసొచ్చానంది, ఎవరెవరు పలకరించారో చెప్పింది, ఆగకుండా చెబుతూ చెబుతూ, చెల్లెలు ఏదీ తిప్పి కొట్టడం లేదన్నది ఒక్కసారిగా తెలిసొచ్చి ఆగిపోయింది. ఎదురు మాట రావాల్సిన చోటల్లా ఖాళీగా ఉంది.

"నీకు గొంతున్నన్నాళ్ళూ నేను నీతో మాట్లాడలేదే" అంది. ఏడ్చింది. దేవుడికి కాదు, ఎవరికీ వినబడేలా కాదు, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కత్తెరమ్మ చెయ్యి చాపి అక్క మోకాలిమీద వేసింది. ఆవిడకి దుఃఖంగానూ ఉంది, ఇన్నాళ్ళ తర్వాత హాయిగానూ ఉంది. రెండూ చెప్పాలని పెదవులు కదిపింది. అక్క కళ్ళు తుడుచుకుని, స్టూలు దగ్గరికి లాక్కుని, ఆ పెదవులకేసి చూస్తూ కూర్చుంది. ఒక్కో మాటనీ పోల్చుకుని పైకి అనేది. తప్పయితే చెల్లెలు తల అడ్డంగా ఊపేది. మళ్ళీ చూసేది.

అప్పుడే తలుపు తోసుకుని పాస్టరుగారు వచ్చారు, వెనక నలుగురైదుగురు, ఒకాయన చేతిలో ఫోను, ఫొటో కోసం ముందే ఎత్తి పట్టుకుని. దిద్దుబాటు సంగతి ఆయన మరిచిపోయారు. వ్యానులో వచ్చినవాళ్ళు వెళ్ళి పైవాళ్ళకి ఏం చెప్పారో ఏమో, అక్కాచెల్లెళ్ళు కలిశారన్న కబురు మాత్రం మంచిగానే పాకింది. "ప్రార్థన శక్తి చూశారా. ఇది గొప్ప సాక్ష్యం, అందరికీ మాదిరి. ఒక్క చిన్న ప్రార్థన చేసి వెళతాం, మీరిద్దరూ కళ్ళు మూసుకుని చేతులు పట్టుకోండి" అన్నారు, అప్పుడే కళ్ళు మూసుకుంటూ.

మైకమ్మ స్టూలు మీదనుంచి లేవలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చెల్లెలి పెదవుల మీదనుంచి చూపు మరల్చకుండా, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి చెప్పింది.

"ఇప్పుడు కాదు పాస్టరుగారూ. మా చెల్లెలు మాట్లాడుతోంది."